అమ్మకు అల్లిన ఊలు శాలువా

డిసెంబరు 1979, శుక్రవారం

ఉదయానికి శాలువా పూర్తయింది. జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే తలనీలాలు ఇస్తానని అమ్మే మొక్కుకుంది. మొన్న కొండకు వెళ్లి ఇచ్చి వచ్చినప్పటి నుంచి మాత్రం గడప దాటడం లేదు. అడిగితే చలి అంటుంది. అది సిగ్గని నాకు తెలుసు.

ఒకే అల్లిక కదా, సులువే అనుకున్నాను. వరుస చివరి కన్ను వదిలేస్తూ పోయినట్టున్నాను, శాలువా ఒక పక్క సన్నబడిపోయింది. విప్పేయబోతుంటే పక్కింటి మెహరున్నీసక్క సూది లాక్కుంది.

"విప్పొద్దు పాపా. సన్నబడిన కాడ గవ్వలంచు ఇంకో వరస ఏసుకో, సరిపోతాది" అని మధ్యమధ్య సందులు వదులుతూ, గవ్వల్లా విచ్చుకునే ఆ అల్లికను మొదట తనే వేసి చూపించింది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మాకు అన్నం మోసిందీ ఆమే. ఏమిచ్చి ఆ రుణం తీర్చుకోను?

వచ్చే నెల మళ్లీ చూపించుకోమన్నాడు డాక్టరు. ఎందుకో చెప్పలేదు. ఆ మాట గుర్తొస్తే...

సాయంత్రం అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని కూర్చుంది. పూలామె కేక వినగానే అలవాటు కొద్దీ వాకిట్లోకి వెళ్లి, మూరెడు కనకాంబరాలు కొన్నది. జడలో పెట్టుకోబోయిన చెయ్యి తల వెనకే ఆగిపోయింది.

కాసేపటికి అమ్మే ఆ దండను చెవి దగ్గర గవ్వల సందుల్లోంచి మెల్లగా దూర్చుకుంది.

"ఈ సందులు పూలకే పెట్టినావా మే?" అని అడిగింది.

అవునన్నాను.