గోడ మీది జాబితాలో మా అమ్మాయి పేరు వేయవద్దని

నగర విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

ప్రస్తుతం సిస్టర్ల వసతిగృహంలో నివసిస్తున్న యె షూ-హాన్ సమర్పించుకొను అర్జీ.

విషయం: ఒకటవ తరగతిలో చేరవలసిన నా కుమార్తె కో రూయి-ఎన్‌కు, తండ్రికి తెలియకుండా వేరొక పాఠశాల కేటాయించుట గురించి.

అయ్యా,

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భర్త కో జెంగ్-షియాన్, నేను ఈ వసంతకాలంలో రెండు ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి యున్నాము. మొదటిది కొండ మీది బడి. అక్కడ ఈతకొలను ఉంది, ఇంగ్లీషుకు విదేశీ టీచరు ఉన్నాడు, రాజధాని తైపేలో నా భర్త పైఅధికారి పిల్లలు అలాంటి బడిలోనే చదివారు. రెండవది రేవు పక్క బడి. పిల్లలు తక్కువ. గ్రంథాలయం కిటికీలోంచి చేపల పడవలు కనిపిస్తాయి. ఆయన మొదటిది కోరుకున్నారు. నేను రెండవది కోరుకున్నాను గాని, ఆ సంగతి పైకి అనలేదు.

2. కొండ మీది బడిలో తల్లిదండ్రుల సందర్శన దినాన, ప్రధానోపాధ్యాయురాలు వంగి మా అమ్మాయిని అడిగారు: "బంగారూ, మా బడి నచ్చిందా?"

"ఆ బడిలో చేపలు కనబడతాయి," అంది ఎన్-ఎన్. ఇంట్లో దాన్ని అలాగే పిలుస్తాం.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నా భర్త నవ్వారు. కారులో పాపను వెనక సీటులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, సరిగ్గా పడిందో లేదో లాగి చూశారు. తర్వాత ముందుకు వచ్చి నా జుట్టు పట్టుకుని తలను కిటికీ అద్దానికేసి కొట్టారు. "చేపలంట, చేపలు! నువ్వే నూరిపోశావు. నలుగురిలో నా పరువు తీయించావు." అద్దం పగలలేదు. అందుకని మళ్ళీ కొట్టారు.

మా అత్తగారికి చెప్పుకున్నాను. ఆమె నా కణత మీద పసుపురంగు తైలం రాస్తూ, "మగాడు ఒక బడి పేరు చెప్పినప్పుడు సరేనంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? మా రోజుల్లో బడిలో వెదురుబద్దతో వీపు చీరేవాళ్ళు. మాకు లెక్కలు రాలేదా?" అన్నారు.

3. పిమ్మట నేను పాపతో ఇల్లు విడిచి, నాకు చదువు చెప్పిన సిస్టర్ల వద్దకు చేరితిని. కోర్టువారు రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. పాప చిరునామాను ఇక్కడికి మార్పించగా, రేవు పక్క బడిలో సీటు వచ్చింది. ప్రవేశపత్రం తెచ్చి ఇచ్చినవారు మా వార్డు గుమాస్తా లాన్ గారు.

లాన్ గారు మంచి మనిషి. పడవపందేల పండుగకు వార్డులోని పెద్దవాళ్ళందరికీ ఆకుల్లో చుట్టిన జిగురన్నం పంచుతూ మా అత్తగారి గుమ్మం ఎక్కారు. పిల్లకు బడి దొరికితే ఆ ఇంటి పెద్దలను అభినందించడం మన మర్యాద. ఆయన అభినందించారు: "శుభం పిన్నీ! మనవరాలికి రేవు పక్క బడి వచ్చిందిగా. సిస్టర్ల సందు దాటితే బడే, నడిచి వెళ్ళొచ్చు."

ఆయనపై ఏ చర్యా తీసుకోవద్దని నా ప్రార్థన.

4. మరునాడు రేవు పక్క బడిలో కొత్త పిల్లలకు యూనిఫారం కొలతలు తీసుకుంటున్నారు. వాన పడుతోంది. నా భర్త స్కూటరు దిగి, హెల్మెట్టు చేతితో పట్టుకుని గేటు దగ్గరకు వచ్చారు. కాపలాదారు ముసలాయన లేచి, "సారూ, ముందు సంతకం పెట్టండి," అన్నాడు. నా భర్త హెల్మెట్టుతో ఆయన నోటి మీద కొట్టారు. పళ్ళు ఊడి వాననీళ్ళలో పడ్డాయి. ముసలాయన ఒక చేత్తో నోరు కప్పుకుని, రెండో చేత్తో ఇంకా పెన్ను చూపిస్తూనే ఉన్నాడు.

నా భర్త ఎన్-ఎన్ చెయ్యి పట్టి లాగారు. నేను రెండో చెయ్యి పట్టుకున్నాను. పాప అరిచినప్పుడు నేను వదిలేశాను, ఆయన వదల్లేదు. మోచేయి కీలు తప్పింది. "ఎక్కడ చదివినా అది కో వాళ్ళ పిల్లే! ఏ బడికైనా వస్తా! ఏ గేటుకైనా వస్తా!" అని అరిచారు. నేను ఆయన మణికట్టు కొరికాను. ఎముక తగిలే వరకూ కొరికాను. పోలీసు నివేదికలో "పరస్పర దాడి" అని వ్రాసియున్నారు. అది వాస్తవమే.

5. కావున నేను ఒంటరిగా మరల పాఠశాలలను పోల్చి చూచితిని. ఈసారి ఈతకొలను చూడలేదు. గ్రంథాలయంలోకి తొంగి కూడా చూడలేదు. గోడ ఎంత ఎత్తో చూశాను. పిల్లల మరుగుదొడ్లు వీధివైపు ఉన్నాయా అని చూశాను. సొరంగం రోడ్డుకు అవతల ఉన్న మూడవ బడికి గేటు ఒక్కటే. ఎదురుగా పోలీసు ఠాణా ఉంది. టీచర్లు పిల్లలను ఒక్కొక్కరినీ ముఖం చూసి గాని అప్పగించరు. కాపలాదారు కుర్రవాడు, బలంగా ఉన్నాడు. ఆ బడిలో చదువు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

6. తమ కార్యాలయంలో బల్ల దగ్గరి అమ్మాయి, "అక్కా, పాప నాన్నగారి సంతకం లేకపోతే కంప్యూటర్ తీసుకోదు," అంది.

"ఆయన దగ్గరికి రాకూడదని కోర్టు చెప్పిందమ్మా."

"చెబితే చెప్పింది గానీ అక్కా, గడి ఖాళీగా ఉంటే ఎర్రగా చూపిస్తోంది. పోనీ, ఫోన్ చేసి అడగమంటారా ఆయన్ని?"

వద్దని చెప్పి ఈ అర్జీ వ్రాయుచున్నాను.

7. కాబట్టి తమరు దయతో: సొరంగం అవతలి బడిలో పాపను రహస్యంగా చేర్చుకొనుటకు ఉత్తర్వు ఇవ్వవలెను. పత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వక నాకే ఇప్పించవలెను. బడులు తెరిచే ముందు తరగతుల జాబితా గేటు గోడకు అంటిస్తారు గదా, అందులో పాప పేరు వేయకుండవలెను. పేరులో మధ్య అక్షరం 'రూయి' తీసి అక్కడ సున్న పెడతామని ఆ అమ్మాయి చెప్పింది. అయ్యా, ఆ సున్న పరాయివాళ్ళను ఆపుతుంది. తండ్రిని ఆపదు. ఆయన ప్రతి గోడా చదువుతారు.

బడులు తెరిచేలోగా చిత్తగించి, ఒక బిడ్డను కాపాడవలెనని వేడుకొనుచున్న

తమ విధేయురాలు,
యె షూ-హాన్

తా.క.: ఇంకొక్క మాట, ఆ బడి టీచరు గారికి చెప్పండి. గేటు బయట నుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకూడదని ఎన్-ఎన్‌కు నేర్పుతున్నాను. రోజూ గదిలో అది బొమ్మలు వేసుకుంటుంటే వెనక నుంచి పిలుస్తాను. మొదట్లో తిరిగేది. నేను చేతి మీద కొట్టేదాన్ని, మెల్లగానే, తప్పిన చేతి మీద కాదు. ఇప్పుడు తిరగడం లేదు. ఈరోజు అన్నానికి పిలిచినా తిరగలేదు. అందుకని హాజరు వేసేటప్పుడు పలకకపోతే మొండిదనుకోవద్దు. దగ్గరికి వచ్చి, ఎదురుగా వంగి, ముఖం చూపించి పిలవమనండి. చూస్తే పలుకుతుంది.