మామయ్య దగ్గు

మామయ్యగారికి,

మన సెలూన్‌లో మీ పక్క కుర్చీ నుంచి కోడలి నమస్కారాలు. ఎదురుగా చెబితే ఏడుపొస్తుందని రాసి, మీ పౌడరు డబ్బా కింద పెడుతున్నాను. నేను కత్తెర పట్టగానే మీరు "అయ్యయ్యో, చెవి!" అని అరుస్తారు. కుర్చీలో ఉన్నాయన చెవి ఉందో ఊడిందో తడుముకుంటాడు. నా తప్పులు మనసులో దాచుకుని, మంగళవారం షాపు సెలవు కదా, ఆ పూట తీరిగ్గా నేర్పండి. కాదంటే వీధి చివరి కొత్త సెలూన్‌లో చేరిపోతాను.

మీ కోడలు

తా.క. ఆయన చెవి క్షేమం.

---

అమ్మా కోడలా,

దీవెనలు. నువ్వెళ్లిపోతే ఆ రెండో కుర్చీ బోసిపోదూ? సరే, నీ మాటే నెగ్గింది. ఇవాళ మాస్టారి మీసం ఒక పక్క కురచైంది. చూశాను. మంగళవారం చెబుదామని నోరు కుట్టేసుకున్నాను.

మీ మామయ్య

తా.క. రేపు ఆయన ఫొటో దిగాలట. పక్కకి తిరిగి దిగితే సరి.

---

మామయ్యగారూ,

నమస్కారం. మీరు అరవడం మానేసి దగ్గుతో చెబుతున్నారని నాకు తెలిసిపోయింది. ఇవాళ బ్యాంకు మేనేజరుగారికి మెడ దగ్గర కత్తిరించాను, దగ్గారు. ఇంకాస్త తీశాను, మళ్లీ దగ్గారు. మీరు దగ్గుతూనే ఉన్నారు, నేను తీస్తూనే ఉన్నాను. చివరికి గుండు! ఇక ఈ పని నాకు రాదు మామయ్యా. రేపు ఆ సెలూన్‌కి వెళ్లి, తలలు కడిగే పనైనా ఇమ్మని అడుగుతాను.

మీ కోడలు

తా.క. ఆయన దువ్వెన ఇక్కడే మర్చిపోయారు. తొందరేం లేదు లెండి.

---

పిచ్చితల్లీ,

ఎక్కడికీ వెళ్లకు. అది తప్పు పట్టే దగ్గు కాదే! మొదటిసారి ఆ మెడ దగ్గర నువ్వు దించిన గీత చూశాను. ఇన్నేళ్లలో నా చేతికి అంత నున్నగా రాలేదు. బాగుందని చెబుదామంటే మంగళవారం కాదాయె! మాట మింగబోతే దగ్గొచ్చింది. నువ్వు కత్తెర ఆపవు, నాకు దగ్గు ఆగదు.

ఇకనుంచి తప్పులు మంగళవారమే చెబుతాను. బాగున్నది మాత్రం అక్కడికక్కడే చెప్పేస్తాను, నువ్వు వద్దన్నా ఊరుకోను.

మీ మామయ్య

తా.క. ఇన్నాళ్లూ నా జుట్టు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. రేపు పొద్దున్నే నీ కుర్చీలో కూర్చుంటాను. దగ్గానంటే మాత్రం కత్తెర కింద పెట్టెయ్ తల్లీ, నాకు గుండు నప్పదు.