చెవి కరిగిన రూపాయి

4 ఫిబ్రవరి 1980, సోమవారం

వెండి రేటు ఆకాశంలో ఉంది. ఇలాగే ఉంటే కంచరపాలెంలో పాత పట్టీ మిగిలిన ఇల్లంటూ ఉండదు. ఇవాళ తాతబాబు వచ్చాడు. పాత వెండి తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి. భీమిలి నుంచి ఒరిస్సాలో పారాదీప్ రేవు దాకా తిరుగుతాడు. సంచి విప్పి నా కంసాలి షాపులో కుమ్మరించాడు. తెగిన మొలతాళ్లు, మెట్టెలు, పదకొండు పాత రూపాయలు. అన్నీ తూకం వేసి కొన్నాను. బేరం నాకే లాభం.

5 ఫిబ్రవరి, మధ్యాహ్నం

రూపాయలు పరీక్షకు తీశాను. రాణి బొమ్మవి ఏడు, కిరీటం ఉన్న రాజువి మూడు. పదకొండోది బట్టతల ఎడ్వర్డు. అంచున తెగిన కొంకి ముక్క ఉంది. టంకం ఉంటే తూకం తప్పుతుంది. అలవాటు కొద్దీ ముందు ఆకురాయితో దాన్ని అరగదీశాను. తర్వాత యాసిడ్ నీళ్లలో ముంచి, కుంకుడు రసంతో బ్రష్ కొట్టాను. అప్పుడు లెన్స్ పెట్టుకున్నాను. 1907. గడ్డం అరిగింది. వెనక వైపు మరీ నున్నన, ఎవరి ఒంటికో రాసుకుంటూ ఉన్నట్టుంది. నాణేలు సేకరించేవాళ్లు ముట్టుకోరు. కరిగిస్తే పాతిక రూపాయల పైమాట.

రాజుకి చెవి లేదు. కరిగి ముద్దయింది.

ఆ చెవి కరిగించింది నేనే.

అదే రోజు, సాయంత్రం

ఈ రూపాయి జాలారిపేట గంగరాజుది. కొత్తగా పెళ్లయిన ఏడాది, మొలతాడుకి కట్టుకుంటానని ఈ రూపాయికి కొంకి పెట్టమన్నాడు. మంట ఎక్కువై చెవి కరిగింది. నేను బెదిరిపోతే వాడు పగలబడి నవ్వాడు. పోన్లే ఆసారీ, రాజుకి సెవుడొచ్చీసింది, మన తిట్లు ఇనపడవు అన్నాడు.

77 నవంబరు తుఫానులో పోయాడు. పోయాడని నేనంటున్నాను. తెప్ప మీద ముగ్గురు వెళ్తే ఇద్దరి శవాలే ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. వెళ్లినప్పుడు ఈ రూపాయి గంగరాజు మొలకే ఉంది. వాడి పెళ్లాం నూకాలు ఇంకా గాజులు తియ్యలేదు. ఒరిస్సా వైపు కొట్టుకుపోయి ఉంటాడు, వస్తాడంటుంది. రోజూ చేపల గంప మా అరుగు మీద దించి మంచినీళ్లు తాగుతుంది. మేం చేపలు తినం. మాకూ ఆమెకూ నీళ్ల చుట్టరికమే.

సముద్రంలో పడున్న వెండికి పెచ్చు కడుతుంది. పెట్టెలో ఉన్నదానికి ఉత్త నలుపే. కొంకి లాగితే ఒకలా తెగుతుంది, పట్టకారుతో కత్తిరిస్తే ఇంకోలా. వాడు మునిగాడా, బతికుండి ఎక్కడో అమ్ముకున్నాడా, చూస్తే చెప్పగలిగేవాణ్ణి. పాతికేళ్ల ఎక్స్‌పీరియన్స్. రెండు సాక్ష్యాలూ పది నిమిషాల్లో నేనే చెరిపేశాను.

నా చేతులు పడిపోను.

6 ఫిబ్రవరి

తాతబాబుని పట్టుకుని ఈ రూపాయి ఎక్కడిదని అడిగాను. ఫిషింగ్ హార్బర్లో వలలు కుట్టేవోల దగ్గర కొన్నాను, పారాదీప్ సందుల్లోనా కొన్నాను, సంచి ఒకటే కదా ఆసారీ అన్నాడు. పెచ్చు కట్టి ఉందా, ఉత్త నలుపా అని అడిగాను. నల్లగుంది, అన్నీ నల్లగానే ఉన్నాయి, ఇప్పుడేటయ్యింది అన్నాడు.

7 ఫిబ్రవరి

నూకాలు వచ్చింది. నీళ్లు తాగింది. వెళ్లింది.

16 ఫిబ్రవరి

గ్రహణం. వీధిలో మనిషి లేడు. షాపు తియ్యలేదు. చెప్పకుండా ఉండడానికి ఇంకో రోజు దొరికింది.

18 ఫిబ్రవరి

ఇవాళ నాణెం ఆమె చేతిలో పెట్టాను. తాతబాబు తెచ్చిన పాత వెండిలో వచ్చిందని, హార్బర్లో కొన్నాడో పారాదీప్‌లో కొన్నాడో తెలీదని చెప్పాను. బొటనవేలితో చెవి తడిమింది. గుర్తుపట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాణెం నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఉప్పగా నేదు బాబూ, సంద్రంలో పడ్నేదిది అంది.

 అది నేనే కడిగేశానని చెప్పబోయాను. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పారాదీప్‌కి రైలుందా బాబూ అంది. కటక్‌లో దిగి బస్సెక్కాలన్నాను. దారి చెప్పాను. నిజం చెప్పలేదు.

19 ఫిబ్రవరి

సిగ్గు విడిచి జాలారిపేట వెళ్లాను. నూకాలు పొద్దున్న మెయిల్‌కే వెళ్లిపోయిందట. గంగరాజు తల్లి గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నా కొడుకు బతికున్నాడంట గదా బాబూ అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఈ చేతులే. తల ఊపి వచ్చేశాను.

14 మార్చి

నూకాలు తిరిగొచ్చింది. మనిషి సగమైంది. ఇరవై రోజుల పైన రేవులో, ఆసుపత్రిలో, వలలు ఆరేసిన ప్రతి చోటా చెవి లేని రాజుని చూపించిందట. ఎవరూ ఎరగమన్నారట.

ఇక దాచలేకపోయాను. కడిగింది నేనే, కొంకి అరగదీసింది నేనే, అది సముద్రంలోంచి వచ్చిందో కాదో ఇక ఎవరూ చెప్పలేరు అని చెప్పేశాను. తిట్టినా బాగుండేది. తెలుసు బాబూ అంది. నాలిక మీద ఎట్టుకున్నప్పుడే కుంకుడు సేదు తగిల్నాది అంది. మరెందుకు వెళ్లావన్నాను. గాజులు తియ్యమన్నోలే అందరూనూ, ఎల్లి ఓపాలి ఎతికి రా అన్నోడు ఒక్కడూ నేడు, నువ్వు దారి సెప్పినావు అంది.

మా ఆవిడ లోపల ఏడ్చింది. నేను అరుగు మీదే.

21 మార్చి

నూకాలు చేతులకు గాజుల్లేవు. రూపాయి వాడి పేరు చెప్పి సంద్రంలో వేసొచ్చిందట. మంచినీళ్లడిగింది. ఇచ్చాను.