చప్పుడు లేని పెట్టె

బుజ్జీ,

కొత్త కంప్యూటర్ కొనొద్దు. వేడెక్కి ఆగిపోతోందని నువ్వు పాత ఇనుములో వేసేద్దామన్న పెట్టె ఇప్పుడు భేషుగ్గా నడుస్తోంది. పక్క రేకు విప్పి చూద్దును కదా, వైర్లన్నీ ముందు ఫ్యానుకి అడ్డంగా కుక్కేశావు. ఇక గాలెలా ఆడుతుంది? ప్లగ్గు పీకేసి, చిక్కు తీసినట్టు ఒక్కో వైరూ విడదీసి, వెనక రేకు చాటుకి పంపి, గుడ్డ పేలికలతో కట్టేశాను. మీ వదినంటే ఏమనుకున్నావు?

అయితే కొత్త తంటా వచ్చింది. ఇదివరకు అది పిండిమరలా రొద పెట్టేది కాబట్టి నడుస్తోందని అందరికీ తెలిసేది. ఇప్పుడు కిక్కురుమనదు. నేను గీసిన ఇంటి బొమ్మ అందులో రంగులతో తయారవడానికి పూటంతా పడుతుంది, ఈలోపు తెర నల్లబడుతుంది. మామయ్యగారు అటుగా వెళ్తూ, "కరెంటు దండగ" అని స్విచ్ ఆపేస్తారు. నా పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఆయనకి నేను ఎదురు చెప్పలేనని నీకు తెలుసు. అందుకే పెట్టె నడుస్తోందనడానికి గుర్తుగా వెనక ఫ్యాను జాలీకి ఎర్ర పేలిక కట్టాను. నిన్న అది రెపరెపలాడటం చూసి, "ఎక్కణ్ణుంచో గాలొస్తోందమ్మా" అంటూ కిటికీ మూశారు. పోతూ పోతూ స్విచ్ కూడా ఆపారు.

ఆదివారం ఇల్లు కట్టించుకునేవాళ్ళకి బొమ్మ చూపించాలి, నచ్చితేనే పని నాకిస్తారు. ఇల్లింత నిశ్శబ్దంగా ఉంటే ఫోనులో ఏం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది, అందుకే ఈ ఉత్తరం. అందగానే ఆయనకి ఫోన్ చెయ్యి.

పెట్టెని నేను బాగుచేశాను. మీ నాన్నగారు నీ వంతు.

మీ వదిన