గడప దాటని కుందేలు

విజయనగరం,
3-3-69

పూజ్యురాలైన దాలమ్మత్తకి మేనల్లుడు నరసింగరావు నమస్కరించి,

ఇక్కడ నేను క్షేమం, నా కుందేళ్ళు క్షేమం కాదు. మా పరిశోధన కేంద్రంలో నలభై ఉండేవి. కళ్ళు వాచి, మొహాలు ఉబ్బి, పదిరోజుల్లో నలభైకి నలభై పోయాయి. ఇది వైరస్ రోగం, మందు లేదు. కిందటేడు మేము నీకిచ్చిన పన్నెండింటిలో పదకొండు ఇలాగే పోయాయనీ, ఒక్క ఆడది మాత్రం కోలుకుంటోందనీ రాశావు. అత్తా, ఈ రోగం తగిలి బతికిన కుందేలు మాకింతవరకూ ఒక్కటీ దొరకలేదు. దాని రక్తంలో రోగాన్ని ఎదిరించే శక్తి ఉంటుంది. దాన్ని చూపించలేకపోతే ఈ నెల 31న కేంద్రం మూసేస్తారు, నా టెంపరరీ ఉద్యోగం ఊడుతుంది. వెంటనే ఎవరిచేతనైనా పంపు. నాకు తిండి సహించడం లేదు.

నీ నరసింగం

తా.క. రక్తం కొంచెమే తీస్తాం. చెంచాడు.

శ్రీముఖలింగం,
7-3-69

చిరంజీవి నరసింగాన్ని మేనత్త దాలమ్మ ఆశీర్వదించి,

తిండి సహించకపోతే మజ్జిగ తాగు. కుందేల్ని మాత్రం ఇప్పుడు పంపను. దానికొచ్చింది రోగం కాదు, అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టాను, వంటలో తాళింపు మానేశాను. మూడు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపేదాకా ఈ ఇంట్లోంచి ఉప్పుకల్లు కూడా బయటికి పోదు. లోపలికొచ్చిన మనుషులూ అంతే. మూడో నీళ్ళు 24న, సోమవారం. తాళింపు లేని పప్పు తిని తిని మీ మావయ్య జగన్నాధంగారు నామీద అలిగి పెరట్లో కూర్చుంటున్నారు.

మీ అత్త

తా.క. అమ్మవారు ఇంట్లో ఉంటే గోళ్ళే తియ్యరు, నువ్వు రక్తం తీస్తానంటావా? లెంపలు వేసుకో.

ఇంకో తా.క. మరి ఉత్తరం ఎలా బయటికొచ్చిందంటావేమో. నేను కిటికీలోంచి చెబుతున్నాను, పక్కింటి బుల్లమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని రాస్తోంది.

విజయనగరం,
11-3-69

దాలమ్మత్తకి నమస్కారాలు.

లెంపలు వేసుకున్నాను. ఇప్పుడైనా విను. ఇది అమ్మవారు కాదు, వైరస్. మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనపడనంత చిన్నది. 24 దాకా ఆగితే రక్తం పరీక్ష చేసి హైదరాబాదుకి రిపోర్టు పంపడానికి వారం కూడా మిగలదు. రోజూ బస్టాండుకి వెళ్ళి వచ్చే బస్సు, పోయే బస్సు చూసి తిరిగొస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చినవాడు మా అటెండరు బంగారురాజు. బుట్ట కూడా ఇచ్చి పంపాను. అతన్ని గుమ్మం బయటే నిలబెట్టి కుందేల్ని ఇచ్చెయ్యి.

నీ నరసింగం

తా.క. అతనికి కాఫీ ఇవ్వకు. కూర్చుంటే లేవడు.

శ్రీముఖలింగం,
15-3-69

చిరంజీవి నరసింగానికి ఆశీస్సులు.

కనపడని వైరస్‌ని నువ్వు నమ్ముతావు. కుందేలు మొహం మీద నాకు నిక్షేపంలా కనపడే అమ్మవారిని మాత్రం నమ్మొద్దంటావు. ఇదేం చదువురా? బంగారురాజును గుమ్మం బయటే నిలబడమన్నాను. "ఎండ మండిపోతన్నాది పిన్నీ, రవ్వంత మంచినీలియ్యి" అంటూ తిన్నగా లోపలికొచ్చి కూర్చున్నాడు. ఇంక బయటికెలా పంపను? మీ మావయ్యా అతనూ మేకా పులీ ఆడుకుంటున్నారు. కుందేలు ఒక కన్ను తెరిచింది, పొద్దున్న నాలుగు గడ్డిపరకలు తింది. ఊళ్ళో బుల్లమ్మ కుందేళ్ళూ తవిటమ్మ కుందేళ్ళూ ఒక్కటీ జబ్బుపడలేదు. ఊరికే గాభరా పడకు.

మీ అత్త

తా.క. బంగారురాజు అడగమన్నాడు: "ఇక్కడున్నన్నాళ్ళూ డూటీ కిందే రాస్తారు గదా బాబూ?"

విజయనగరం,
18-3-69

అత్తా, నమస్కారం.

కొంప మునిగింది. డిప్యూటీ డైరెక్టరు నారాయణమూర్తిగారు కేంద్రం మూసే ఆర్డరు పట్టుకుని దిగారు. ఆయన సంతకంతో అది 31లోగా హైదరాబాదు చేరాలట. చేరకపోతే రూలు ప్రకారం ఇంకో ఏడాది నడపాలని ఆయన బాధ. బతికిన కుందేలు ఒకటుందని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఎక్కడ?" అన్నారు. "మా అత్త గడప దాటడం లేదండి" అన్నాను. "గవర్నమెంటు కుందేలు ఒకరి గడప దాటకపోవడమేమిటయ్యా? నేను దాటిస్తాను" అని శనివారం జీపులో బయల్దేరుతున్నారు, ఫైలుతో సహా. ఆయన్ని లోపలికి రానివ్వకు. కుందేల్ని చూపించి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపెయ్యి. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

నీ నరసింగం

తా.క. ఆయనకి కోపం జాస్తి. తాళింపు లేని పప్పు పెట్టకు.

శ్రీముఖలింగం,
1-4-69

చిరంజీవి నరసింగానికి అత్త ఆశీర్వదించి,

ఈ ఉత్తరం నేనే స్వయంగా రాస్తున్నాను. అయిదో క్లాసు దస్తూరీ, సర్దుకుని చదువు.

మీ ఆఫీసరుగారు శనివారం బూట్లతో సహా లోపలికొచ్చేశారు. "సోమవారం మూడో నీళ్ళయిపోతాయి, ఎల్దురుగాని బాబూ" అన్నాను. విసుక్కుంటూనే ఉండిపోయారు. తీరా సోమవారం పొద్దున్న చూద్దును గదా, ఆయన మెడ నిండా ఎర్రటి పొక్కులు! నేను కెవ్వుమన్నాను. మీ మావయ్య వీధిలోకి కేకేశారు. జీపు డ్రైవరు నరసన్నపేట దాకా వెనక్కి తిరిగి చూడలేదట. ఊళ్ళో ఏ బండివాడూ ఎక్కించుకోనన్నాడు.

"నేను గజిటెడ్ ఆఫీసర్ని!" అని అరిచారు.

"అమ్మోరికి గజిటెడ్డేటి, గుమస్తా ఏటి? కూకో బాబూ" అన్నాను.

ఆయనకి మళ్ళీ మొదటినుంచీ మూడు నీళ్ళు పోశాం, పసుపూ వేపాకూ వేసి. మూడోది ఇవాళ పొద్దున్న అయింది. ఆర్డరు సంతకంతో సహా ఆయన సంచీలోనే ఉంది, ఇంక చెల్లదని ఆయనే చెప్పారు. కోపం కూడా దిగింది. తోచక కుందేలు పక్కన చేరి, పూటపూటకీ అదేం తిందో, ఏ కన్ను ఎంత తెరిచిందో పుస్తకంలో రాసుకున్నారు. జబ్బు పక్కింటికి ఎందుకు పాకలేదని నన్ను నాలుగుసార్లు అడిగారు. "గడప దాటనిస్తే గదా" అన్నాను. అదీ రాసుకున్నారు. బంగారురాజుని ఈ ఉత్తరంతో ముందు బస్సుకి పంపుతున్నాను. ఆయన మధ్యాహ్నం బస్సుకి వస్తున్నారు, కుందేల్ని ఒళ్ళో తనే పెట్టుకుంటానన్నారు. బస్టాండుకి వెళ్ళు.

మీ అత్త దాలమ్మ

తా.క. బుల్లమ్మ చేత ఎందుకు రాయించలేదంటే, అవి ఉత్త చెమటపొక్కులురా. మీ మావయ్యకి ఏటా ఈ నెలలో వస్తాయి, నాకు తెలీదా? నీ ముప్పై ఒకటో తారీకు దాటిద్దామని అమ్మవారి మీద అబద్ధమాడాను. తప్పు కాయమని కొబ్బరికాయ మొక్కుకున్నాను. అది నువ్వొచ్చి కొట్టాలి.

ఇంకో తా.క. ఆ పదకొండూ ఒక్కొక్కటే నా ఒళ్ళో, కళ్ళు విప్పలేక పోయాయి. నా వేపాకు వాటికి పనిచెయ్యలేదు నాయనా. నీకు ఏడాది సంపాదించిపెట్టాను. కనపడని ఆ మాయదారిదేదో ఈలోగా పట్టుకో.