నాన్న పంపిన సీసా

ఇడైరా తల్లీ,

మన ఊరు రెస్టింగా నుంచి మమ్మల్ని ఖాళీ చేయించి పన్నెండు రోజులైంది. వల్వేర్దేలో మీ పిన్ని ఇంట్లో ఉన్నాం. నేను బాగానే ఉన్నాను. మీ నాన్నకే కాలు నిలవడం లేదు.

సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి నీళ్ళలో ఆమ్లం పెరిగిందని, చేపలు పీల్చే ప్రాణవాయువు తగ్గిపోయిందని నువ్వు పరిశోధన ఓడలోంచి రాసిచ్చావు. ఆ రోజే అధికారులు చేపల వేట ఆపేశారు. "సొంత కూతురే నా పడవ కట్టేయించింది. సముద్రానికి జ్వరం చూసే డాక్టరమ్మ మరి!" అని ఆయన ఫోన్లో అన్న మాట నువ్వింకా మర్చిపోలేదని తెలుసు. అప్పట్నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు.

నిన్న పొద్దున నాకు చెప్పకుండా మన ఊరి రేవుకెళ్ళి, పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తిరిగొచ్చేసరికి చొక్కా నిండా గంధకం వాసన. నీళ్ళు పచ్చగా మరుగుతున్నాయట. చిలక చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయట. "ఒక్కటీ కొట్టుకోవడం లేదే" అన్నాడు. తర్వాత ఏమీ తినలేదు.

ఈ ఉత్తరంతో వస్తున్న సీసా అక్కడి నీళ్ళతో ఆయన నింపిందే. "అది అప్పుడెప్పుడో నేర్పినట్టే ముందు మూడుసార్లు ఆ నీళ్ళతోనే కడిగాను. ఎక్కడ ముంచానో మూత మీద రాశాను. నేను పంపానని మాత్రం చెప్పకు" అన్నాడు. చెప్పేశాను.

కొలిచి చూడు. సముద్రం ఎప్పటికి బాగుపడుతుందో తెలిస్తే రాయి, తెలియకపోతే తెలియదనే రాయి. కానీ జవాబు నాకు కాదు, ఆయన పేరున రాయి.

అమ్మ