బంపర్‌కు రాసిన నూనె

అన్నా,

ఆదోనిలో పొద్దున్నుంచీ ఎండ, పైగా దుమ్ముగాలి. నీ కారు ముందు గ్రిల్లు, నల్ల బంపర్ కడిగేసరికే మధ్యాహ్నం దాటింది. మెరుస్తుందని నువ్వు వారంవారం రాసిన బుడ్డల నూనెకు, అదే వేరుశనగ నూనెకు, రోడ్డు దుమ్ము, జిన్నింగు మిల్లుల దూది అంటుకుని జిడ్డుగా గట్టిపడింది. షాంపూ నీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో సందూ గీకాను. నడుము పట్టేసింది. అయినా జిడ్డు పూర్తిగా వదల్లేదు.

నువ్వు చనిపోయాక కారును నడిపేవాళ్లు లేరు. వదినకు మద్దికెర హాస్టల్లో వంటపని దొరికింది. ఈ సాయంత్రానికి అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. ఆలోపే కారు అమ్ముడుపోవాలి.

కొనడానికి ఎమ్మిగనూరు నుంచి ఒకాయన వచ్చాడు. మంత్రాలయం యాత్రికులను తిప్పే డ్రైవరు. బంపర్ మీద వేలు రుద్ది వాసన చూశాడు.

"ఎవురప్పా దీనికి కూరకు మాదిరి తిరగవాత పెట్టినోడు?"

"మా యన్న," అన్నాను. బేరం చెడిందనుకున్నాను.

వదిన గడప దగ్గర నుంచే ఆయనతో అంది: "కూరలోకి నూనె లేకున్నా ఆయప్పకు పట్టేది కాదన్నా. దానికి మాత్రం రాయాల్సిందే."

అని నవ్వింది. ఆమె నవ్వగా విని చాలా రోజులైంది. ఆయనా నవ్వాడు.

"ఇంతగా సాకినోడు ఇంజన్ను పాడుచేసి ఉండడులేమ్మా," అని తాళం అడిగాడు.

నాలుగింటికి ఆయన డబ్బు ఇచ్చి కారు తీసుకుని వెళ్లాడు. వదిన ఐదు గంటల బస్సుకు మద్దికెర వెళ్లింది.